ఒకే మనిషి డేటా: రోజుల వరుసను లెక్కలోకి తీసుకోవడం ఎలా?

ఒత్తిడి ఎక్కువైన రోజున మనిషి నడక తగ్గుతుందా? ఐదువందల మందిని తలా ఒక్కసారి అడిగి తెచ్చిన సమాచారం ఈ ప్రశ్నకు జవాబివ్వదు. అది చెప్పేది వేరే సంగతి: ఎప్పుడూ ఒత్తిడిలో ఉండేవాళ్లు, ప్రశాంతంగా ఉండేవాళ్లకంటే తక్కువ నడుస్తారా అన్నది. మనుషుల మధ్య తేడాలకూ, ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ వచ్చే తేడాలకూ పొంతన ఉండాలన్న నియమం లేదు. వ్యాయామం సంగతే చూడండి. బాగా శ్రమపడి వ్యాయామం చేస్తున్న సమయంలో గుండెపోటు ముప్పు, అదే మనిషి విశ్రాంతిగా ఉన్న సమయంలోకంటే ఎక్కువ. కానీ క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్లకు మొత్తమ్మీద ఆ ముప్పు తక్కువ. రెండూ నిజాలే. ఒకటి మనిషి లోపలి సంబంధం, మరొకటి మనుషుల మధ్య సంబంధం.

మనస్తత్వశాస్త్ర పరిశోధకుడు పీటర్ మోలెనార్ 2004లో ఈ వాదనను గణితపరంగా నిలబెట్టాడు. గుంపు మీద వచ్చిన ఫలితం ప్రతి వ్యక్తికీ వర్తించాలంటే రెండు షరతులు తీరాలి. అందరిలోనూ ఒకే ప్రక్రియ నడుస్తూ ఉండాలి, ఆ ప్రక్రియ సగటూ విస్తృతీ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది) కాలంతో మారకుండా ఉండాలి. ప్రవర్తన, మూడ్, నొప్పి, నిద్ర వంటి వాటిలో ఈ రెండూ కలిసి తీరడం అరుదు. 2018లో ఫిషర్, మెడాగ్లియా, జెరోనిమస్ అనే పరిశోధకులు ఒకే డేటాను రెండు వైపుల నుంచీ విశ్లేషించి చూస్తే, వ్యక్తుల లోపల కనిపించిన విస్తృతి గుంపులో కనిపించినదానికి నాలుగు రెట్ల దాకా ఉంది.

కాబట్టి ప్రశ్న ఒక మనిషి గురించైతే డేటా కూడా ఆ మనిషి నుంచే రావాలి. ఇలాంటి అధ్యయనాన్ని ‘శాంపిల్ సైజు ఒకటే కదా’ అని తీసిపారేయడం పొరపాటు. ఇక్కడ శాంపిల్ అంటే రోజులు. 84 రోజులు గమనిస్తే 84 పరిశీలనలు ఉన్నట్టే. చిక్కంతా ఆ 84 ఒకదానికొకటి సంబంధం లేనివి కాకపోవడంలో ఉంది. నిన్నటి అలసట ఈరోజులోకి పాకుతుంది, ఆదివారం ఆదివారాన్ని పోలి ఉంటుంది. మామూలు గణాంక పరీక్షలన్నీ పరిశీలనలు స్వతంత్రమని నమ్మి నడుస్తాయి. ఆ నమ్మకం ఇక్కడ మొదటి అడుగులోనే చెదిరిపోతుంది.

ఇక్కడ మాట్లాడుతున్నది కేవలం గమనించిన డేటా గురించి. మందును, ఉత్తుత్తి మందును లాటరీ పద్ధతిలో మార్చి మార్చి ఇచ్చే ఏకవ్యక్తి ప్రయోగాలు 1980ల నుంచి వైద్యంలో ఉన్నాయి. వాటిలో ఏది ఎప్పుడు మారిందో పరిశోధకుడి చేతిలోనే ఉంటుంది. పరిశీలనలో అలా ఉండదు, అన్నీ వాటంతట అవే మారుతుంటాయి. అందుకే ఇందులో విశ్లేషణ భారం ఎక్కువ.

ముందు క్యాలెండర్, తర్వాతే మోడల్

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక వ్యక్తి 12 వారాలపాటు రోజూ పొద్దున్న తన ఒత్తిడిని 0 నుంచి 10 లోపు అంకెగా నమోదు చేస్తాడు. చేతికి కట్టుకున్న పరికరం అడుగులనూ రాత్రి నిద్రనూ లెక్కిస్తుంది. ఒత్తిడికీ అడుగులకూ ఉన్న సంబంధం తేల్చాలి.

ఇలాంటి అధ్యయనాల్లో పొరపాట్లు ఎక్కువగా దొర్లేది మోడల్ దగ్గర కాదు, అంతకు ముందే, వరుసలు పేర్చే చోట. పరికరం ఇచ్చే ఫైల్‌లో డేటా లేని రోజుకు అసలు వరుసే ఉండకపోవచ్చు. అలాంటి ఫైల్‌లో ‘నిన్నటి విలువ’ అనే కాలమ్‌ను ఒక వరుస కిందికి జరిపి తయారుచేస్తే, శుక్రవారం పక్కన మంగళవారం విలువ నిన్నటిదిగా వచ్చి కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. అందుకే మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా ఒక్క రోజు కూడా తప్పకుండా ఖాళీ క్యాలెండర్ తయారుచేసి, దానికి డేటాను తేదీని బట్టి అతికించాలి. ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలో ఇంకో ఉచ్చు ఉంది. అందులో ముందే అమర్చి ఉండే లాగ్ ఫంక్షన్ విలువలను జరపదు, కాలముద్రను మాత్రమే మారుస్తుంది. దాన్ని నేరుగా, ఒక విలువను మిగతా విలువలతో వివరించే మామూలు రిగ్రెషన్‌లో పెడితే ఈరోజు విలువే నిన్నటి పేరుతో లోపలికి వెళ్తుంది. జరిపిన కాలమ్‌ను అసలు కాలమ్ పక్కన పెట్టి పది వరుసలు కంటితో సరిచూడడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మొత్తం అధ్యయనాన్ని కాపాడగలవు.

రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా ముందే తేల్చుకోవాలి. రాత్రి ఒంటిగంటకు పడుకుంటే ఆ నిద్ర ఏ తేదీది? కొన్ని పరికరాలు నిద్రను లేచిన తేదీ కింద రాస్తాయి, కొన్ని పడుకున్న తేదీ కింద. ఈ విషయం సరిచూడకపోతే ‘నిద్ర తగ్గితే మర్నాడు నడక తగ్గుతుంది’ అన్న పరికల్పనను పరీక్షిస్తున్నామనుకుంటూ, నడిచిన తర్వాతి రాత్రి నిద్రను పరీక్షిస్తూ ఉంటాం. ఒత్తిడి అంకె ఉదయం 9 గంటలకు ఇస్తే, అడుగులను కూడా 9 తర్వాత నుంచే లెక్కపెట్టాలి. లేకపోతే ‘ముందు ఒత్తిడి, తర్వాత నడక’ అనే హక్కు మనకు ఉండదు.

సున్నాలను అనుమానించాలి. పరికరం బల్ల మీదే ఉండిపోయిన రోజున అడుగులు సున్నా కాదు, ఆ రోజు డేటా లేదని అర్థం. కదలికను కొలిచే అధ్యయనాల్లో పరికరం కనీసం 10 గంటలు ఒంటి మీద ఉంటేనే ఆ రోజును లెక్కలోకి తీసుకోవడం, వరుసగా 60 నిమిషాలు కదలికే లేకపోతే ధరించనట్టు భావించడం ఎక్కువగా పాటించే నియమాలు. మధ్యలో పరికరం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయితే ఆ తేదీ రాసి పెట్టుకోవాలి. అడుగులను లెక్కపెట్టే పద్ధతి మారి, ఆ రోజు నుంచి సగటు ఒక మెట్టు పైకో కిందికో జరిగిపోవచ్చు.

ప్రశ్నల విషయంలో ఒక మాట. పేరున్న ప్రశ్నావళులకు విశ్వసనీయత అంకెలు ఉంటాయి. అవి మనుషులను ఒకరి నుంచి ఒకరిని వేరుచేయడంలో ఆ ప్రశ్నావళి ఎంత నిలకడగా ఉందో చెబుతాయి. ఒకే మనిషిలో నిన్నటికీ ఈరోజుకూ ఉన్న తేడాను అది పట్టగలదని ఆ అంకెలు హామీ ఇవ్వవు. 84 రోజుల్లో 75 రోజులు ఒకే అంకె వచ్చే ప్రశ్నను ఎంత గొప్ప మోడల్ అయినా ఏమీ చేయలేదు. ఒక వారం ముందుగా ప్రయత్నించి చూసి, అంకె రోజురోజుకూ కదులుతోందో లేదో గమనించాకే అధ్యయనం మొదలుపెట్టాలి.

ఖాళీ రోజులు

84లో 9 రోజులు పోతే పెద్ద నష్టం కాదనిపిస్తుంది. కానీ మోడల్‌లో నిన్నటి విలువ కూడా ఉంటే, ఒక ఖాళీ రోజు తనతోపాటు తర్వాతి రోజునూ తీసుకుపోతుంది. విడివిడిగా 9 ఖాళీలుంటే 18 వరుసలు పోయినట్టే. అంతకంటే ముఖ్యం, ఆ ఖాళీలు ఎందుకు వచ్చాయన్నది. బాగా అలసిపోయిన రోజే మనిషి నమోదు మానేస్తే, మిగిలిన డేటాలో ఉన్నవన్నీ కాస్త మంచి రోజులే. దీన్ని కొంతవరకు పరీక్షించవచ్చు. ఖాళీ రోజుకు 1, మిగతావాటికి 0 ఇచ్చి, ముందురోజు ఒత్తిడీ వారంలోని రోజూ దాన్ని ఊహించగలుగుతున్నాయా అని, అవును–కాదు ఫలితాలకు వాడే లాజిస్టిక్ రిగ్రెషన్‌తో చూడాలి.

పూరించే పద్ధతుల్లో సులువైనవే ఎక్కువ చెడ్డవి. అన్ని ఖాళీల్లో సగటు పెడితే విస్తృతి తగ్గుతుంది, రోజుల మధ్య సంబంధం కూడా పలచబడుతుంది. ముందురోజుకూ తర్వాతి రోజుకూ మధ్య గీత గీసి పూరిస్తే దీనికి ఎదురుగా, లేని నునుపు వచ్చి రోజుల మధ్య సంబంధం ఎక్కువగా కనిపిస్తుంది. రెండింట్లోనూ పూరించిన అంకెను నిజంగా కొలిచినట్టే సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది కాబట్టి ఫలితంలో లేని ఖచ్చితత్వం కనిపిస్తుంది. మెరుగైన దారి బహుళ పూరణ: ముందురోజు విలువ, తర్వాతి రోజు విలువ, వారంలోని రోజు, కాలం వీటన్నిటినీ వాడి 20 దాకా పూర్తి డేటాసెట్లు తయారుచేసి, ప్రతిదాన్నీ విడిగా విశ్లేషించి, ఆ ఫలితాలను రూబిన్ సూత్రాలతో (డేటాసెట్ల మధ్య తేడాను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) కలపడం. అమీలియా అనే ఆర్ ప్యాకేజీలో ఈ ముందు వెనక రోజుల సదుపాయం ఉంది. కాల్మన్ ఫిల్టర్ (ఒక్కో రోజు డేటా వచ్చేకొద్దీ అంచనాను సవరించుకుంటూ పోయే పద్ధతి) మీద నడిచే మోడళ్లు వాడేవారికి ఇంకో సౌలభ్యం ఉంది. ఫలితపు చరరాశిలో ఖాళీలుంటే వాటిని పూరించకుండానే ఆ మోడళ్లు దాటుకుని వెళ్తాయి.

గ్రాఫ్ చూడకుండా అంకె చూడొద్దు

రెండు గీతలనూ ఒకదాని కింద ఒకటి, ఒకే కాలరేఖ మీద గీయాలి. మొదట వెతకాల్సింది ట్రెండ్, అంటే కాలంతో మెల్లగా పెరగడమో తగ్గడమో. 1926లో గణాంకశాస్త్రవేత్త ఉడ్నీ యూల్ చూపిన ఉదాహరణను ఇప్పటికీ గుర్తుచేసుకోవాలి. 1866 నుంచి 1911 వరకు ఇంగ్లండ్, వేల్స్‌లో మొత్తం పెళ్లిళ్లలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పెళ్లిళ్ల వాటాకూ, మరణాల రేటుకూ మధ్య సహసంబంధం (రెండు విలువలు ఎంతగా కలిసి మారుతున్నాయో –1 నుంచి +1 లోపు చెప్పే అంకె) 0.95. రెండూ ఆ కాలమంతా తగ్గుతూ వచ్చాయి, అంతే. 12 వారాల్లో వాతావరణం మారి నడక మెల్లగా పెరిగి, పనిలో ఒక ప్రాజెక్టు ముగిసి ఒత్తిడి మెల్లగా తగ్గితే, ఆ రెండింటి మధ్య ఇలాంటి సంబంధమే పుడుతుంది.

ట్రెండ్ ఉంటే రోజుల సంఖ్యను రిగ్రెషన్‌లో ఒక చరరాశిగా చేర్చడం చాలాసార్లు సరిపోతుంది. ప్రతి రోజు నుంచీ ముందురోజు విలువను తీసేయడం ఇంకో మార్గం. కానీ అవసరం లేనిచోట అలా తీసేస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే. రోజుల మధ్య అసలు సంబంధమే లేని డేటాలో ఆ పని చేస్తే, పక్కపక్క రోజుల మధ్య –0.5 సహసంబంధం మనమే సృష్టిస్తాం. వరుస స్థిరంగా లేదన్న ఊహతో మొదలయ్యే డికీ–ఫుల్లర్ పరీక్ష ఇలాంటి చిన్న వరుసల్లో బలహీనం. దాన్ని, స్థిరంగా ఉందన్న ఎదురు ఊహతో మొదలయ్యే కేపీఎస్ఎస్ పరీక్షతో కలిపి చూడాలి. రెండూ కలవకపోతే గ్రాఫ్‌నూ విషయజ్ఞానాన్నీ నమ్మడం మంచిది.

తర్వాత వారం లయ. వరుసకు 7, 14 రోజుల కిందటి తన విలువలతోనే సహసంబంధం పైకి లేస్తే అది ఉన్నట్టు. ఆరు డమ్మీ చరరాశులు (ఆ రోజైతే 1, కాకపోతే 0) పెట్టవచ్చు కానీ 12 వారాల్లో సోమవారాలు పన్నెండే ఉంటాయి, ఆరు గుణకాలను (ఒక్కో చరరాశి ప్రభావం ఎంతో చెప్పే అంకెలను) అంచనా వేయడానికి డేటా చాలా ఖర్చవుతుంది. వారాంతం అవునా కాదా అన్న ఒక్క డమ్మీ, లేదా 7 రోజుల ఆవృత్తితో ఒక సైన్–కొసైన్ జత ఎక్కువసార్లు చాలు.

మొదటి కొన్ని రోజుల ప్రత్యేకతను మరచిపోకూడదు. తనను కొలుస్తున్నారన్న ఎరుకతోనే మనిషి ఎక్కువ నడుస్తాడు. ఒత్తిడి, బాధ వంటి వాటికి కూడా తొలి నమోదుల్లో పెద్ద అంకెలు ఇస్తాడు. మొదటి వారాన్ని తీసేయాలా, డమ్మీతో గుర్తించాలా అన్నది డేటా చూడకముందే రాసి పెట్టుకోవాలి.

పక్కపక్క రోజుల మధ్య సంబంధం ఎంత ఖరీదు?

84 స్వతంత్ర పరిశీలనల్లో అసలు సంబంధం లేకపోయినా సహసంబంధం ±0.21 దాకా యాదృచ్ఛికంగా రావచ్చు. 84 వర్గమూలంతో 1.96ను భాగిస్తే వచ్చే హద్దు ఇది. ఇప్పుడు ఒత్తిడిలో పక్కపక్క రోజుల మధ్య ఆటోకోరిలేషన్ (ఒక వరుసకు తన గత విలువలతోనే ఉండే సహసంబంధం) 0.5, అడుగుల్లో 0.6 ఉందనుకుందాం. బార్ట్‌లెట్ సూత్రం ప్రకారం నిజంగా పనికొచ్చే రోజుల సంఖ్య 84 × (1 – 0.3) ÷ (1 + 0.3), అంటే సుమారు 45. ఇందులో 0.3 అన్నది 0.5 × 0.6. హద్దు ±0.29కి పెరుగుతుంది. మామూలు పద్ధతిలో –0.25ను ‘గణాంకపరంగా ముఖ్యం’ అని ప్రకటించేవాళ్లం, ఇప్పుడది మామూలు ఊగిసలాటలో భాగం. సగటు విషయంలో దెబ్బ ఇంకా గట్టిది. అడుగుల సగటును అంచనా వేయడానికి ఈ 84 రోజులు 84 × (1 – 0.6) ÷ (1 + 0.6), అంటే 21 స్వతంత్ర రోజులతో సమానం.

ఏ దూరంలో సంబంధం ఉందో వెతికే దశలో, బాక్స్–జెంకిన్స్ సంప్రదాయం నుంచి వచ్చిన ప్రీవైటెనింగ్ బాగా పనిచేస్తుంది. ఒత్తిడి వరుసకు ఒక ఆటోరిగ్రెసివ్ (గత రోజుల విలువలతో ఈరోజు విలువను ఊహించే) మోడల్ అమర్చి, అదే ఫిల్టర్‌ను అడుగులకూ వర్తింపజేసి, మోడల్ వివరించలేక మిగిలిన అవశేషాల మధ్య ముందు వెనక రోజుల సహసంబంధం చూడడమే ఈ పద్ధతి. దిశ కూడా ఇక్కడే బయటపడుతుంది. ఈరోజు ఒత్తిడి రేపటి నడకతో కాక, ఈరోజు నడక రేపటి ఒత్తిడితో ముడిపడి ఉండవచ్చు. ఎంత ప్రభావం అన్న ప్రశ్నకు మాత్రం డైనమిక్ రిగ్రెషన్ కావాలి: ఈరోజు అడుగులను, నిన్నటి అడుగులు, ఈరోజు ఒత్తిడి, నిన్నటి ఒత్తిడి, వారాంతం, ట్రెండ్ వీటితో వివరించడం.

ఈ మోడల్‌లో నిన్నటి అడుగుల గుణకం 0.3, ఈరోజు ఒత్తిడి గుణకం –300, నిన్నటి ఒత్తిడి గుణకం –120 వచ్చాయనుకుందాం. చాలా నివేదికలు –300 దగ్గరే ఆగిపోతాయి. ఒత్తిడి ఒక్క రోజు, ఒక్క పాయింటు పెరిగితే ఏమవుతుందో పూర్తిగా చూడాలి. ఆ రోజు 300 అడుగులు తగ్గుతాయి. మర్నాడు నేరుగా 120, నిన్నటి తగ్గుదలలో మూడు పదోవంతు 90, కలిపి 210. ఆ తర్వాతి రోజు 63, ఆపైన 19, అలా తగ్గిపోతూ మొత్తం 600కు చేరుతుంది. సూత్రంలో చెప్పాలంటే –420ను 0.7తో భాగించడం. సగం ప్రభావం మొదటి రోజు తర్వాతే వస్తోంది. ఆ మనిషికి ఇచ్చే సలహాను ఇది నేరుగా మారుస్తుంది.

అడుగుల వంటి లెక్కలు కుడివైపుకు సాగి ఉంటే లాగరిథం తీసుకోవచ్చు. అప్పుడు –0.05 గుణకం అంటే దాదాపు 5 శాతం తగ్గుదల. ‘ఈరోజు మందు వేసుకున్నాడా లేదా’ వంటి అవును–కాదు ఫలితాలకు నిన్నటి జవాబును కూడా చేర్చిన లాజిస్టిక్ రిగ్రెషన్ వాడాలి.

ఎన్ని రోజులు కావాలి? కాలశ్రేణి మోడళ్లకు కనీసం 50 పరిశీలనలన్నది పాత సలహా. అంచనా వేసే ఒక్కో గుణకానికి పది రోజులన్న మోటు లెక్క కూడా ఉపయోగపడుతుంది. తక్కువ రోజులుంటే నిన్నటి విలువ గుణకం ఒక పద్ధతి ప్రకారం తక్కువగా వస్తుంది. అసలు విలువ 0.5 అయి, 50 రోజులే ఉంటే అంచనా సగటున 0.05 కిందికి జారుతుంది.

మోడల్ వచ్చాక

అవశేషాలను మళ్లీ కాలరేఖ మీద గీయాలి. వాటిలో ఇంకా ఆటోకోరిలేషన్ మిగిలి ఉంటే ప్రామాణిక దోషాలను (గుణకాల అంచనాలోని అనిశ్చితిని చెప్పే అంకెలను) నమ్మలేం. నిన్నటి ఫలితం మోడల్‌లో ఉన్నప్పుడైతే గుణకాలే పక్కకు జరుగుతాయి. ఇక్కడ చాలామంది అలవాటుగా డర్బిన్–వాట్సన్ పరీక్ష (ఆటోకోరిలేషన్ లేకపోతే 2 దగ్గర అంకె ఇచ్చేది) చేస్తారు. నిన్నటి ఫలితం మోడల్‌లో ఉన్నప్పుడు అది 2 వైపు జారి, సమస్య ఉన్నా లేదని చెబుతుంది. బ్రూష్–గాడ్‌ఫ్రీ పరీక్ష వాడాలి, వారం లయ కూడా పట్టుబడేలా కనీసం 7 రోజుల దూరం దాకా చూడాలి. జ్వరం వచ్చిన రోజు, ప్రయాణం చేసిన రోజు వంటి విడి పరిశీలనలను తొలగించకూడదు. తొలగిస్తే క్యాలెండర్ తెగిపోతుంది. వాటికి డమ్మీ పెట్టి, పెట్టినప్పుడూ పెట్టనప్పుడూ ఫలితం ఎంత మారిందో రెండూ చెప్పాలి.

సంబంధం కాలమంతా ఒకేలా ఉందా అన్నది అందరూ దాటవేసే పరీక్ష. మొదటి 42 రోజులకూ చివరి 42 రోజులకూ గుణకాలు విడిగా చూస్తే చాలు, స్థూలంగా తెలిసిపోతుంది. కొత్త అలవాటు నేర్చుకుంటున్న మనిషిలో అవి మారడమే సహజం. అలాంటప్పుడు మొత్తం కాలానికి ఒకే గుణకం చెప్పడం ఆ మార్పును కప్పిపెట్టడమే.

ఐదు చరరాశులను నాలుగేసి రోజుల దూరాల్లో పరీక్షిస్తే ఇరవై పరీక్షలు. అవి స్వతంత్రమైతే, నిజంగా ఏమీ లేకపోయినా కనీసం ఒకటి ‘గణాంకపరంగా ముఖ్యం’ అనిపించే 0.05 హద్దు కింద పడే అవకాశం 64 శాతం. ఒకే మనిషి డేటాలో దీన్ని సరిచూసేందుకు రెండో శాంపిల్ ఉండదు. అందుకే ప్రధాన ప్రశ్ననూ, దాని దూరాన్నీ ముందే రాసిపెట్టి, మిగతావాటిని అన్వేషణ అని స్పష్టంగా విడదీయాలి. ఇంకో గట్టి పరీక్ష కూడా అందుబాటులో ఉంది. చివరి 14 రోజులను పక్కనపెట్టి, మిగతా 70 రోజుల మీద మోడల్ కట్టి, ఆ 14 రోజులను ఒక్కో రోజు చొప్పున ఊహించాలి. పోటీకి రెండు సులువైన ఊహలు పెట్టాలి: నిన్నటి విలువే ఈరోజూ, పోయిన వారం ఇదే రోజు విలువే ఈరోజూ. మోడల్ వీటిని ఓడించలేకపోతే ఆ గుణకాల మీద సలహా కట్టకూడదు.

ఇన్ని చేశాక కూడా ఇది పరిశీలనే. ముందు ఒత్తిడి, తర్వాత నడక అన్న వరుస ఉన్నంత మాత్రాన కారణం తేలదు. రాత్రి నొప్పి ఉదయం ఒత్తిడినీ పెంచి, పగటి నడకనూ తగ్గించి ఉండవచ్చు. కొలవని నొప్పి ఏ మోడల్‌లోనూ కనిపించదు. కొలిస్తే చేర్చవచ్చు, కానీ ఒత్తిడి వల్లే పుట్టి నడకను తగ్గించే మధ్య మెట్టును చేర్చకూడదు. చేర్చితే వెతుకుతున్న ప్రభావాన్నే మనం తుడిచేసినవాళ్లమవుతాం. ఫలితం వర్తించేది కూడా ఆ మనిషికి, అలాంటి పరిస్థితులు కొనసాగే రోజులకు మాత్రమే.

ఇదే అధ్యయనాన్ని 20 మందిలో చేస్తే, ప్రతి ఒక్కరికీ ఒకే మోడల్, ఒకే దూరాలు పెట్టి, వచ్చిన 20 గుణకాలను వాటి ప్రామాణిక దోషాలతో కలిపి ర్యాండమ్ ఎఫెక్ట్స్ మెటా అనాలిసిస్ (అసలు ప్రభావం మనిషికీ మనిషికీ మారవచ్చని ఒప్పుకుంటూ ఫలితాలను కలిపే పద్ధతి) చేయవచ్చు. అందరి డేటానూ, రోజుల తేడాలనూ మనుషుల తేడాలనూ కలిపి చూసే ఒకే బహుళస్థాయి మోడల్‌లో పెట్టేటట్టయితే, ప్రతి మనిషి ఒత్తిడి అంకెల నుంచీ ఆ మనిషి సొంత సగటును ముందే తీసేయాలి. లేదంటే మనుషుల మధ్య తేడా మళ్లీ గుణకంలో కలిసిపోతుంది. సగటు గుణకంతోపాటు వ్యక్తుల మధ్య దాని విస్తృతిని కూడా తప్పక రాయాలి. పది మందికి –300, పది మందికి +300 వచ్చినా సగటు సున్నానే చూపిస్తుంది.